కోసి పారేసిన రెండు సెకన్లు

లాల్‌దర్వాజా రామ్‌చందర్ తీసిన పెళ్ళి వీడియోల్లో ఎవరూ తుమ్మరు. బావమరిది తాగొచ్చి స్టేజీ మీద చేసిన లొల్లి ఉండదు. బంతి మధ్యలో కూర అయిపోయి వడ్డించేవాళ్ళు ముఖం చాటేసిన ముచ్చట ఉండదు. ముత్తయిదువుల వెనక పొరపాటున నిలబడ్డ విధవ మేనత్త కూడా ఉండదు. ఆ మేనత్త తర్వాతెప్పుడో ఆ వీడియో చూసి, తను అసలు ఆ పెళ్ళికి వెళ్ళనేలేదేమో అనుకుని ఊరుకోవాలి. లోకం తీరు అది, రామ్‌చందర్ కనిపెట్టింది కాదు. కాకపోతే కత్తెర మాత్రం ముప్పై ఏళ్ళు ఆయన చేతిలోనే ఉంది.

అన్నిటికన్నా ఆయన ఓర్వలేనిది చీకటి. కరెంటు పోయినా, కెమెరా ఎండలోంచి ఇంట్లోకి వచ్చినా, ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడుతుంది. కెమెరా కన్నూ మన కన్నులాంటిదే, సర్దుకోవడానికి కొంచెం టైం పడుతుంది. శుభమా అని పెళ్ళి చూసుకుంటుంటే ఈ నల్ల తెర ఏంటని పెళ్ళివారు గొడవకొస్తారు. అందుకని చీకటి ఎక్కడ కనబడితే అక్కడ కోసెయ్యడం, అతుకు తెలియకుండా పైనుంచి గులాబీ రేకులు రాలినట్టు ఎఫెక్టు వెయ్యడం, అసలు చప్పుళ్ళన్నీ తీసేసి షహనాయి పెట్టడం. ఈ మూడు పనులూ చేస్తున్నానన్న ధ్యాస కూడా లేకుండా చేసేవాడు.

ఆయన అలవాటు ఇంకొకటి చెప్పాలి. కుడి చేతికి కట్టిన వాచీ డయలును మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేవాడు. లైటు పడి డయలు తళుక్కుమంటే ఆ మెరుపు కెమెరాలో పడుతుందని పని నేర్పిన గురువు చెప్పాడు. గురువు పోయి ఇరవై ఏళ్ళయింది, డయలు మాత్రం లోపలే ఉండిపోయింది. "టైం ఎవరికన్నా కనబడితే ఎత్కపోతరా ఏంది?" అని భార్య రాజమణి ఎగతాళి చేసేది.

ఫోన్లు వచ్చాయి, డ్రోన్లు వచ్చాయి. రామ్‌చందర్ స్టూడియో బోర్డు మీద దుమ్ము పేరుకుంది. నెలకో పెళ్ళి, ఎప్పుడన్నా ఒక పుట్టినరోజు. అట్లా కూర్చుని ఈగలు తోలుకుంటుండగా, యాభై ఆరో ఏట, ఆయనకు నందిని మేడం పని ఇచ్చింది.

మలక్‌పేటలో ఒక చిన్న పరిశోధన సంస్థ ఉంది. నందిని అందులో పనిచేస్తుంది. చేతిపని ఒక చేతినుంచి ఇంకో చేతికి ఎట్లా వెళుతుందన్నది ఆమె పరిశోధన. పనివాళ్ళను కూర్చోబెట్టి అడిగితే "అదేముంది, చేస్తుంటే వస్తది" అంటారు తప్ప ఇంకేమీ చెప్పలేరు. అందుకని వాళ్ళు పనిచేస్తుండగా వీడియో తీసి, దాన్ని మళ్ళీ మళ్ళీ చూసి, సెకను సెకనుకూ ఏం జరిగిందో రాసుకోవాలి. శాలిబండలో కమాలుద్దీన్ సేఠ్ లక్క గాజుల కార్ఖానా అందుకు ఒప్పుకుంది. పాత ఇంటి పెద్ద వాకిలి, అక్కడ లెక్కలు రాసే మున్షీ, వెనక ఒక గది, అందులో ఆరుగురు ఆడవాళ్ళు. కుంపట్ల మీద లక్క వేడిచేసి, గుండ్రంగా చుట్టి, దాని మీద చిమ్టా పట్టకారుతో రాళ్ళు అతికిస్తారు. మగమనిషి గదిలో ఉంటే వాళ్ళు ముడుచుకుపోతారు కాబట్టి రామ్‌చందర్ కెమెరా పెట్టి, బటన్ నొక్కి, బయటికి వచ్చెయ్యాలి. రెండు గంటలకోసారి వెళ్ళి బ్యాటరీ మార్చాలి.

మొదటి పది రోజులు గది మొత్తం కనబడేట్టు తీశాడు. తీసింది తీసినట్టు ఇవ్వడానికి చేతులు రాలేదు. ఇంటికి తెచ్చి, శుభ్రంగా కోసి, మూడు గంటలకు కుదించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. నందిని లాప్‌టాప్‌లో పెట్టింది. బంగారు అక్షరాలతో పేరు పడింది. షహనాయి మొదలైంది. లక్క చుడుతున్న ఆడవాళ్ళ మీద గులాబీ రేకులు రాలాయి. నందిని పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని అడిగింది, "మస్తు చేసిన్రు రామ్‌చందర్ గారూ. ఒరిజినల్ ఏది?"

"ఇంట్ల ఉన్నది మేడం," అన్నాడు.

ఇంట్లో లేదు. కోత పూర్తయిన మర్నాడే మలక్‌పేట ఫంక్షన్ హాల్లో పెళ్ళి ఉందని కెమెరా మెమరీ కార్డులు మొత్తం తుడిచేశాడు. తుడిచిన కార్డుల మీద అప్పటికే వేరేవాళ్ళ తలంబ్రాలు ఎక్కాయి. పోయింది పది రోజులదే కదా, ఇంకా రెండున్నర నెలలు తీస్తాం కదా అనుకున్నాడు. అబద్ధం చిన్నది. నోటికి సుళువుగా వచ్చింది.

"రేపట్నుంచి ఏం కొయ్యొద్దు," అంది నందిని. "మీకు చెత్త అనిపించిందే నాకు కావాలె. ఎవరన్నా తల ఎత్తినా, చెయ్యి ఆగినా, చీకటి పడినా, అన్నీ ఉండాలె." గది మొత్తం చూసింది చాలని, కెమెరాను చేతుల మీదికి దించమంది. ఆ రోజునుంచి వీడియోలో చేతులూ, వాటి మీదికి వంగిన ముఖాలూ, లక్కా, కుంపటీ తప్ప గోడ గానీ తలుపు గానీ లేవు. ఒరిజినల్ సంగతి ఆమె ఇంకో రెండు సార్లు అడిగింది. రామ్‌చందర్ నీళ్ళు నమిలాడు. పని ఒత్తిడిలో ఆమె మరిచిపోయింది.

తర్వాత ఆమె ఆయనకు చూడటం నేర్పింది. యాభై ఆరేళ్ళ వీడియో మనిషికి చూడటం నేర్పడమేంటని మొదట్లో ఆయనకు లోలోపల కోపం వచ్చింది. ఒక రిజిస్టరు ఇచ్చింది. మొదటి గడిలో టైం. రెండో గడిలో చెయ్యి ఏం చేసింది. మూడో గడిలో కళ్ళు ఎటు చూశాయి. నాలుగో గడిలో మనకేమనిపించింది. ఆ చివరి గడి చివర్నే నింపాలి. ముందు సౌండ్ తీసేసి చూడాలి, మాటలు వింటే కళ్ళు సోమరివైపోతాయట. ఒకసారి ఆయన "కోపంగా డబ్బా పెట్టింది" అని రాస్తే ఆమె కొట్టేసింది.

"కోపం మీకు కనబడ్డదా?"

"కనబడ్డది మేడం."

"లేదు. డబ్బా గట్టిగ పెట్టుడు కనబడ్డది. అది రాయండి. కోపం సంగతి తర్వాత చూద్దాం."

నెల తిరిగేసరికి రామ్‌చందర్‌కు అది వ్యసనమైపోయింది. నలభై సెకన్ల ముక్కను అరవై సార్లు చూసేవాడు. ఆరుగురిలో పెద్దామె అజీజున్నీసా. ఆమె చేతులు ఆయనకు తన చేతులకన్నా బాగా తెలిసిపోయాయి. కొత్తగా చేరిన సోనీ అనే అమ్మాయికి అజీజున్నీసా పని నేర్పుతోంది, కానీ ఒక్క మాట కూడా చెప్పడం లేదు. ఎట్లా నేర్పుతుందో నందినికి అంతు చిక్కలేదు. కనిపెట్టింది రామ్‌చందర్. సోనీ ఎక్కడ తప్పు చేస్తుందో, ఆ మలుపు దగ్గర అజీజున్నీసా తన చేతిని నెమ్మది చేస్తోంది. పిల్ల ఓరకంటితో చూసి నేర్చుకునేదాకా నెమ్మదిగానే చేసి, తర్వాత మళ్ళీ తన వేగానికి వెళ్ళిపోతోంది. నందిని ఆ మాట రిపోర్టులో రాసి, పక్కన ఆయన పేరు పెట్టింది. ఎన్ని వందల పెళ్ళిళ్ళు తీసినా ఎవరూ ఆయన పేరు ఎక్కడా పెట్టలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని రాజమణికి మూడు సార్లు చూపించాడు.

పనివాళ్ళకు వాళ్ళ వీడియో చూపించి అడగడం కూడా ఆ పద్ధతిలో ఒక భాగం. అజీజున్నీసా తెర ముందు కూర్చుని నోరు కొంగుతో కప్పుకుంది.

"అరే రామ్ భాయ్, ఇవి నా చేతులా? మా అమ్మీ చేతులు గిట్లనే ఉండె."

"ఆపా, లక్క చల్లారిందా లేదా అని గాజును చెవు దగ్గర పెట్టుకుంటవు గదా, ఎందుకు?"

"నేనా? నై నై, నేను గట్ల ఎందుకు చేస్త?"

ఆయన ముక్క ఆడించాడు. తెర మీద ఆమె గాజును చెవి దగ్గరకు తీసుకెళ్ళింది. ఇంకో ముక్క ఆడించాడు. మళ్ళీ చెవి దగ్గరకు తీసుకెళ్ళింది. అజీజున్నీసా పగలబడి నవ్వింది. ముప్పై ఏళ్ళనుంచి తన చెయ్యి తనకు చెప్పకుండా చేస్తున్న పని అది.

"అందుకే వీడియో," అంది నందిని. "మనిషి చెప్పేది వేరు, చేసేది వేరు. అబద్ధం చెప్తున్నరని కాదు. వాళ్ళకే తెల్వదు."

ఫిబ్రవరిలో వీడియో పని ముగిసింది. ఏప్రిల్‌లో కార్ఖానా తగలబడింది.

మధ్యాహ్నం పన్నెండున్నర. కుంపటి పక్కన థిన్నర్ డబ్బా ఒలికింది. గదికి కిటికీ లేదు. తలుపు పైన జానెడు ఎత్తు అద్దం పలక, దానికి ఇనుప చువ్వలు. వాకిట్లో ఉన్న మగవాళ్ళు తలుపు పగలగొట్టి నలుగురిని బయటికి లాగారు. అజీజున్నీసా, సోనీ పొగలోనే పోయారు. పెద్దామె చెయ్యి చిన్నదాని చేతిని పట్టుకునే ఉందని, విడదీయడం కష్టమైందని లాగినవాళ్ళు చెప్పారు. పగిలిన తలుపు రెండు రోజుల్లో పాత సామాన్ల బండి ఎక్కింది.

తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టి ఉందా లేదా? అంతా ఆ ఒక్క మాట మీద ఆగింది. పెట్టి ఉంటే సేఠ్ జైలుకెళతాడు. లేకపోతే అది ప్రమాదం, దేవుడి చేతి పని. కమాలుద్దీన్ సేఠ్ ఒట్టేసి చెప్పాడు, మా తలుపుకు ఎన్నడూ గొళ్ళెం పెట్టలేదని. పొగకు కళ్ళు కనబడక గునపంతో కొట్టామే తప్ప, ఆ గాబరాలో గొళ్ళెం చూడలేదన్నారు పగలగొట్టినవాళ్ళు. బతికిన నలుగురికి సేఠే వైద్యం చేయిస్తున్నాడు. వాళ్ళకు ఏమీ యాదికి లేదు. అప్పుడు విచారణ అధికారికి ఒక సంగతి తెలిసింది. బయటి మనిషి ఒకడు మూడు నెలలు రోజూ ఆ గదిలోకి వెళ్ళి వచ్చాడట. పిలిపించాడు.

"బయటినుంచి గొళ్ళెం పెట్టేవాళ్ళా?"

"లేదు సార్. నేను తలుపు నెట్టుకొని పోయేటోణ్ణి, వచ్చేటోణ్ణి," అన్నాడు రామ్‌చందర్.

రాసుకున్నారు. సంతకం పెట్టించుకున్నారు. ఆయన ఎవరికీ లొంగలేదు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అడిగితే గుర్తొచ్చింది చెప్పాడు. ఈ కథలో నన్ను ఏడిపించేది అదే. అబద్ధమాడితే తిట్టి పారెయ్యొచ్చు.

వారం తర్వాత అజీజున్నీసా కూతురు హిబా స్టూడియోకి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి, ల్యాబ్ కోర్సు చదువుతోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చాచా, గొళ్ళెం పెట్టరని రాసిచ్చిన్రంట."

"నేను చూసింది చెప్పిన బేటా. మీ అమ్మీ నాకు బహెన్ లెక్క. నేనెందుకు అబద్ధం చెప్త?"

"అమ్మీ రోజు చెప్పేది. మున్షీ వచ్చి గొళ్ళెం తీసేదాంక నమాజ్‌కు లేచుడు కాదు అని. నేను ఉత్తగ అంటున్ననా?"

"ఫిబ్రవరి తర్వాత పెట్టిన్రేమో."

హిబా తల అడ్డంగా ఊపింది. "అమ్మీ గాజును చెవు దగ్గర పెట్టుకుంటదని అమ్మీకే తెల్వదు, మీ వీడియో చెప్పింది. ఇంటికొచ్చి నవ్వుకుంట నాకు చెప్పింది. గది లోపట మూడు నెలలు కెమెరా పెట్టిన్రు. తలుపు సంగతి చెప్పదా అది?"

రామ్‌చందర్ ఆమెను వెంటబెట్టుకుని మలక్‌పేట వెళ్ళాడు. పరిశోధన కోసమని మాటిచ్చి తీసిన వీడియో ఇంకో పనికి వాడకూడదు. నందిని ఆ మాటే చెప్పి, మళ్ళీ తనే బతికిన నలుగురి ఇళ్ళకూ వెళ్ళి అడిగి వచ్చింది. నోటితో ఏమీ చెప్పని ఆ నలుగురూ కాగితం మీద వేలిముద్రలు మాత్రం వేశారు.

రామ్‌చందర్, నందిని నాలుగు రోజులు కూర్చుని చేతుల వీడియోలన్నీ చూశారు. రోజూ పొద్దున పది దాటిన కాసేపటికి ఒక వింత జరుగుతోంది. ఆరు జతల చేతులూ ఒక్క గుక్క సేపు ఆగుతున్నాయి. తర్వాత మళ్ళీ కదులుతున్నాయి. సౌండ్ పెట్టి వింటే అదే క్షణంలో కుంపటి చప్పుడు వెనక "ఠక్" అని ఒక శబ్దం. యాభై మూడు రోజుల్లో యాభై ఒక్క రోజులు అంతే. నందిని పట్టిక వేసి అధికారికి పంపింది. ఆయన మంచివాడే, చదివాడు. చప్పుడు దేనిదైనా కావచ్చమ్మా, చేతులు ఆగడం సాక్ష్యం కాదు, గొళ్ళెం కనబడే ముక్క ఉంటే తెండి అన్నాడు.

"ఉన్నది," అంది నందిని, మొహం వెలిగిపోయి. "మొదటి పది రోజులు గది మొత్తం తీసినం. తలుపు, పైన అద్దం పలక అన్నీ ఉంటయి. గొళ్ళెం కొండీ ఆ పలక కిందనే. చెయ్యి ఎత్తి పెడితే పలకల కనబడాలె. మీ దగ్గర ఒరిజినల్ ఉన్నది గద, తేండి."

రామ్‌చందర్ కళ్ళు దించుకున్నాడు. "లేదు మేడం. అప్పుడే తుడిచేసిన. మీకిచ్చిందే ఉన్నది."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె లాప్‌టాప్ మూసింది. "మూడు సార్లు అడిగిన మిమ్మల్ని," అంది.

ఆయన ఆ పెళ్ళి ముక్కనే పట్టుకుని స్టూడియోలో కూర్చున్నాడు. పొద్దున పది గంటలకు షట్టరు సగం దించి, సౌండ్ తీసేసి, నేర్పినట్టే మొదలుపెట్టాడు. తలుపు మూసినప్పుడల్లా గది చీకటవుతుంది. ట్యూబ్‌లైటు ఉన్నా కెమెరా కన్ను సర్దుకోవడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో వెలుగున్నది ఒక్క అద్దం పలకలోనే. గొళ్ళెం పెట్టే చెయ్యి కనబడితే గిడితే అప్పుడే కనబడాలి. ఆ రెండు సెకన్లనే ఆయన వెతికి వెతికి కోశాడు, వీడియో తీసేవాడు వీడియోలో ఉండకూడదని తను తలుపు దాకా నడిచిన ముక్కలూ కోశాడు. మొదటి రోజు తలుపు మూసుకుంటోంది, గులాబీ రేకులు. రెండో రోజు తలుపు మూసుకుంటోంది, గులాబీ రేకులు. ఎక్కడా అతుకు కనబడనంత నైపుణ్యంగా కోశాడు. తన పని మీద తనకే అంత అసహ్యం ఆయనకు ఎన్నడూ పుట్టలేదు.

ఏడో రోజు రేకులు కొంచెం ఆలస్యంగా రాలాయి. నిద్రమత్తులో అతికించాడేమో, కత్తెర అర సెకను తప్పింది. తలుపు మూసుకుంది. తెర నల్లబడింది. పైన పలక మాత్రం తెల్లగా ఉంది. ఆ తెలుపులో కిందినుంచి ఒక చెయ్యి లేచింది. అరచెయ్యి ఇటువైపు. వేళ్ళ మధ్యలో గొలుసు. ఆ గొలుసును కొండీ మీదికి ఎత్తింది. మొదటి రేకు రాలింది.

రామ్‌చందర్ గట్టిగా "దొరికింది" అన్నాడు. స్టూడియో వెనక ఇంట్లోంచి రాజమణి పరుగెత్తుకొచ్చింది. వెనక్కి తిప్పి, ఒక్కో ఫ్రేము చొప్పున ఆమెకు చూపించాడు. అరచెయ్యి. గొలుసు. మణికట్టు. మణికట్టు లోపలి వైపు గుండ్రంగా ఏదో తళుక్కుమంది.

రాజమణి ముందు తెలుసుకుంది. ఆమె తెర వైపు కాక ఆయన చేతి వైపు చూసింది.

ఆయన లేచాడు. స్టూడియో గుమ్మం దగ్గర నిలబడి, ఎవరో చెప్పినట్టు కుడి చెయ్యి పైకెత్తాడు. చెయ్యి తనంతట తనే పైకి వెళ్ళి, రెండు వేళ్ళు వంచి, లేని గొలుసును లేని కొండీకి తగిలించింది. అప్పుడు గుర్తొచ్చింది. బ్యాటరీ మార్చి బయటికొస్తుంటే వాకిట్లోంచి మున్షీ అరిచేవాడు, "గొళ్ళెం ఏస్కొని పో అన్నా, లోపట ఆడోళ్ళున్నరు." పరాయివాళ్ళు ఎవరూ తలుపు తోసుకుని వెళ్ళకూడదని. మర్యాద కోసమని. ఆయన వేసేవాడు. రోజుకు మూడు సార్లు గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళి, మూడు సార్లు గొళ్ళెం పెట్టి చాయ్ తాగడానికి వెళ్ళేవాడు. తలుపు నెట్టుకుని వెళ్ళింది ఒక్కనాడు కూడా లేదు. చెయ్యికి తెలుసు, మనిషికి తెలియదు.

"మొఖం లేదు గద," అంది రాజమణి, మెల్లగా. "ఉత్త చెయ్యే గద కనబడేది. మున్షీది అనుకుంటరు. వాచీ తీసి లోపట పెట్టు." ఆమె చెడ్డది కాదు, భయపడింది. ఆయన కూడా వాచీ విప్పాడు. విప్పి, ఆ రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాడు. మణికట్టు మీద ముప్పై ఏళ్ళ తెల్లటి మచ్చ కనబడింది. అందరూ దాన్నే చూస్తున్నారనిపించింది.

మర్నాడు నందినికి చూపించాడు. చెయ్యి ఎవరిదో కూడా చెప్పాడు. ఆమె చాలాసార్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఇది సాలు. బయటినుంచి గొళ్ళెం పెట్టేటోళ్ళని ఇంత సాఫ్‌గ ఇంకేదీ చెప్పదు," అంది. తర్వాత, "కానీ సేఠ్ వకీలు దీన్ని మీ మెడకే చుడతడు. పెట్టింది వీడియో ఆయన, మా మనిషి కాదు అంటడు. ముందు గొళ్ళెమే లేదని రాసిచ్చిన్రు. తర్వాత వీడియో కోసిన్రు. మిమ్మల్నే మొదలు పట్టుకుంటరు. ఆలోచించుకోండి. నేను ఒత్తిడి చెయ్య."

రామ్‌చందర్ రిజిస్టరు తీసి పెన్ను పట్టుకున్నాడు. మొదటి గడిలో టైం రాశాడు. రెండో గడిలో రాశాడు: పలకలో కుడిచెయ్యి లేచింది. గొలుసు కొండీకి తగిలించింది. మూడో గడిలో, కళ్ళు కనబడవు అని రాశాడు. నాలుగో గడి ముందు పెన్ను ఆగింది. మనకేమనిపించిందో రాయాల్సిన గడి అది. అక్కడ తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు రాసి సంతకం పెట్టాడు. వాచీ జేబులోంచి తీసి మళ్ళీ కట్టుకున్నాడు, డయలు లోపలికే.

హిబాను మలక్‌పేట ఆఫీసుకి పిలిపించారు. కాలేజీనుంచి నేరుగా వచ్చింది, భుజానికి బ్యాగు అట్లాగే ఉంది. చూపించే ముందే ఆయన చెప్పాలనుకున్నాడు. చెప్పకుండానే ముక్క ఆడించాడు. చెయ్యి లేచింది, గొలుసు ఎక్కింది, రేకులు రాలాయి. హిబా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"చూసిన్రా, నేను చెప్పలేదా?" అంది. "ఎవరిది చాచా ఈ చెయ్యి?"

రామ్‌చందర్ తన కుడిచేతిని తెర పక్కన ఎత్తి పట్టుకున్నాడు, అరచెయ్యి ఆమె వైపుకి.

హిబా ఆ చేతిని చూసింది, తెరను చూసింది, మళ్ళీ చేతిని చూసింది. ఆయన క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదని ఆయనకు తెలుసు. "ఎవరికి ఇయ్యాల్నో ఆళ్ళకు ఇస్త బేటా. నా పేరు మీదనే ఇస్త," అన్నాడు. ఆమె చున్నీతో మొహం తుడుచుకుని, "మళ్ళీ పెట్టండి, మొదట్నుంచి," అంది.

మళ్ళీ పెట్టాడు. ఈసారి ఆమె పలకను చూడలేదు. కింద, కుంపటి ముందు కూర్చున్న తల్లిని చూసింది. తలుపు మూసుకోబోతుండగా అజీజున్నీసా అటు తిరిగింది. తలుపు వైపు చూసి ఏదో అంది. మూడు నాలుగు మాటలే. తర్వాత చీకటి.

"అమ్మీ మీతోనే ఏదో అంటుంది."

"హౌ బేటా, నాతోనే."

"ఏమంటుంది? గొళ్ళెం పెట్టమంటుందా, వద్దంటుందా?"

"యాదికి లేదు బేటా. నిజంగ లేదు."

"సౌండ్ తీసేసిన్రు గద. సౌండ్ పెట్టండి చాచా. అమ్మీ గొంతు వింట."

రామ్‌చందర్ కదల్లేదు. నందిని కిటికీ వైపు తిరిగింది. ఎందుకు ఎవరూ పెట్టడం లేదో హిబాకు అర్థం కాలేదు. తనే ముందుకు వంగి, ముక్కను మొదటికి తిప్పి, సౌండ్ పెంచింది.

గది నిండా పెళ్ళి షహనాయి మోగింది. తెర మీద అజీజున్నీసా తలుపు వైపు తిరిగింది, పెదవులు కదిలాయి, పైన చెయ్యి లేచింది, గులాబీ రేకులు రాలాయి.